ట్రాక్టర్ల షెడ్డు నుంచి స్పోర్ట్స్ కారు దాకా: ఫెరూచియో లంబోర్గినీ జీవితం

పాత ఇటాలియన్ స్పోర్ట్స్ కారు కొనాలనుకునేవారు ముందు బానెట్ ఎత్తి చూడాలి, కారు కిందకు దూరి చూడాలి. రంగు, మెరుపు ఆ తర్వాతి సంగతి. ఈ పాఠాన్ని సొంత డబ్బుతో నేర్చుకున్న మనిషి ఫెరూచియో లంబోర్గినీ. ఈ రోజు ఆ పేరు మీద కోట్ల రూపాయల కార్లు తిరుగుతున్నాయి. ఆయన పుట్టింది మాత్రం ఒక రైతు ఇంట్లో.

ఇటలీలో ఫెరారా జిల్లా చెంతో పట్టణానికి దగ్గర్లోని రెనాజ్జో ఊళ్లో 1916 ఏప్రిల్ 28న ఆయన జన్మించారు. తల్లిదండ్రులది ద్రాక్ష తోటల సేద్యం. పిల్లవాడికి పొలం పని కంటే పొలంలోని యంత్రాల మీదే ధ్యాస. బొలోన్యా సమీపంలో యంత్రవిద్య చదివారు. రెండో ప్రపంచ యుద్ధంలో రోడ్స్ దీవిలో వైమానిక దళం వాహనాలకు మెకానిక్‌గా పనిచేశారు. విడిభాగాలు దొరకని ఆ దీవిలో ఒక బండి సామాను ఇంకో బండికి అమర్చి నడిపించడం అలవాటైంది. యుద్ధం చివర బ్రిటిష్ వారికి ఖైదీగా చిక్కి, 1946లో ఇంటికి చేరారు.

ఆ మరుసటి ఏడాదే ఆయన జీవితంలో పెద్ద దెబ్బ తగిలింది. కొడుకు తోనీనో పుట్టిన కాన్పులో భార్య కన్నుమూశారు. చేతిలో పసిబిడ్డ, ముందు చిన్న మరమ్మతుల షెడ్డు. ఊళ్లో రైతులకు ట్రాక్టర్లు కావాలి, కొనే స్తోమత లేదు. మరోవైపు యుద్ధంలో వాడి వదిలేసిన సైనిక వాహనాలు చవగ్గా అమ్ముతున్నారు. ఆయన వాటిని కొని, విప్పి, ఇంజిన్లు, గేర్లు తీసి ట్రాక్టర్లు కట్టారు. పెట్రోలు ఖరీదు కాబట్టి, పెట్రోలుతో స్టార్ట్ చేసి వేడెక్కాక చవక ఇంధనంతో నడిచే ఏర్పాటు చేశారు. 1948లో ట్రాక్టర్ల కంపెనీ మొదలైంది. అదే ఏడాది సొంతంగా మార్చుకున్న చిన్న ఫియట్ కారుతో మిల్లే మిలియా పందెంలో దిగి, దారి పక్క హోటల్‌ను గుద్దేశారు. రేసుల సరదా అక్కడితో తీరిపోయింది.

పదేళ్లలో ఆయన ధనవంతుడయ్యారు. 1958లో మొదటి ఫెరారీ కొన్నారు, తర్వాత మరికొన్ని. వాటి క్లచ్ పదే పదే పాడయ్యేది. ఆయన తర్వాతి రోజుల్లో చెప్పుకున్న కథ ప్రకారం, చివరికి తన వర్క్‌షాపులోనే కారు విప్పించి చూస్తే లోపల ఉన్న క్లచ్ తన ట్రాక్టర్లలో వాడేలాంటిదే. ఆ ఫిర్యాదు తీసుకుని ఎంజో ఫెరారీ దగ్గరకు వెళ్తే మర్యాద దక్కలేదట. ఆ భేటీలో నిజంగా ఏం జరిగిందన్నదానిపై ఇప్పటికీ వాదనలున్నాయి. 1963లో సంత్ఆగత బొలోన్యేసే ఊళ్లో ఆయన సొంత కార్ల ఫ్యాక్టరీ తెరిచిన మాట మాత్రం నిజం.

12 సిలిండర్ల ఇంజిన్‌ను జొట్టో బిజ్జారీని రూపొందించారు. 1964లో 350 జీటీ అమ్మకానికి వచ్చింది. 1966లో జెనీవా ప్రదర్శనలో మియూరా దిగింది. ఇంజిన్‌ను డ్రైవరు వెనుక అడ్డంగా పెట్టిన ఆ కారు ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచింది. 1973 వరకు 760కి పైగా మియూరాలు తయారయ్యాయి.

ఆ మియూరాకూ ఒక లోపం ఉంది. మొదటి కార్లలో ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ ఒకటే ఆయిల్. గేర్లు అరిగి రాలిన లోహపు పొడి ఇంజిన్‌లోకి చేరే ప్రమాదం ఉంటుంది. చివర్లో వచ్చిన కొన్ని ఎస్‌వీ కార్లలోనే రెండు ఆయిళ్లనూ వేరుచేశారు. అందుకే నేడు పాత మియూరా కొనేవారు ఆయిల్ ఏర్పాటు ఏ రకమో, ఇంజిన్ ఎప్పుడు విప్పారో, ఇంజిన్ నంబరు ఛాసిస్ నంబరుతో కంపెనీ రికార్డుల్లో సరిపోతుందో లేదో అడుగుతారు. పాత కార్లను పరిశీలించి ధ్రువపత్రం ఇవ్వడానికి కంపెనీ 2015లో పోలో స్టోరికో అనే విభాగాన్నే పెట్టింది. ఎదుటివారి కారులో తప్పు పట్టి ఫ్యాక్టరీ పెట్టిన మనిషి కారునూ కొనేవాడు అదే కంటితో చూడాలి.

1970ల మొదట్లో దక్షిణ అమెరికా నుంచి వచ్చిన పెద్ద ట్రాక్టర్ల ఆర్డరు రద్దయింది. అప్పులు మీదపడ్డాయి. ట్రాక్టర్ల కంపెనీ సామే సంస్థ చేతికి వెళ్లింది. కార్ల కంపెనీలో 51 శాతం వాటాను 1972లో, మిగిలింది 1974లో అమ్మేశారు. తర్వాత ఆ కార్ల కంపెనీ దివాలా తీసి, ఎన్నో చేతులు మారి, 1998లో ఆడీ కిందకు చేరింది. ట్రాక్టర్ల వైపు కథ మాత్రం మనకు దగ్గరగానే వచ్చింది. సామే వారసురాలైన ఎస్‌డీఎఫ్ సంస్థకు తమిళనాడులోని రాణిపేటలో ట్రాక్టర్ల ఫ్యాక్టరీ ఉంది.

లంబోర్గినీ కోర్టుల చుట్టూ, వాటాల చుట్టూ తిరగలేదు. ఉంబ్రియాలో ట్రాసిమేనో చెరువు పక్కన భూమి కొని, తండ్రి చేసిన ద్రాక్ష సేద్యమే చేశారు, ద్రాక్షసారా తీశారు. 1993 ఫిబ్రవరి 20న, 76వ ఏట మరణించారు. రెనాజ్జోలోనే సమాధి చేశారు.

కొన్న వస్తువును విప్పి చూసే ధైర్యం, చేజారుతున్న దాన్ని వేళకు వదిలే ధైర్యం, రెండూ ఆయనకున్నాయి. బండి కొనేటప్పుడైనా, వ్యాపారం వదిలేటప్పుడైనా ఆ రెండూ అక్కరకొచ్చేవే.