సున్నను ఒక ప్రక్కన నిలిపిన థామస్ హారియట్

బహుపది శూన్యాలు కనుగొనుటకు దానిని కారణాంకాలుగా విడగొట్టాలని మన పిల్లలందరూ హైస్కూలులో నేర్చుకుంటారు. మేమూ ఎన్నో ఏళ్ళు ఆ పాఠం చెప్పాము. అయితే ఆ పద్ధతికి దారి వేసిన హారియట్ పేరు ఏనాడూ నల్లబల్లపై వ్రాయలేదు. ఆ లోటు ఈ సంచికలో తీర్చుకుంటున్నాము.

హారియట్ 1560 ప్రాంతంలో ఆక్స్‌ఫర్డులో జన్మించారు. 1580లో పట్టం పుచ్చుకుని, సర్ వాల్టర్ రాలీ కొలువులో చేరి నావికులకు గణితం నేర్పారు. 1584లో అమెరికా తీరం నుండి లండనుకు తీసుకురాబడిన మాంటియో, వాంచీస్ అనే ఇద్దరి వద్ద వారి భాష అభ్యసించి, దానికొక లిపి కూడా కల్పించారు. మరుసటి ఏడు రోనోక్ దీవికి స్వయంగా వెళ్ళారు. పెద్ద వయసులో, సాయంకాలపు తరగతిలో అక్షరాలు దిద్దుకున్న మాకు ఈ సంగతి చాలా ఇష్టం.

తరువాత నార్తంబర్లండ్ ప్రభువు ఆశ్రయంలో లెక్కలకు తీరిక చిక్కింది. ఒక సంఖ్య వర్గానికి 6 కలిపితే ఆ సంఖ్యకు 5 రెట్లు అవుతుందనుకోండి. పూర్వులు ఇటువంటి సమీకరణాలను రకరకాలుగా విభజించి, ఒక్కొక్క రకానికి ఒక్కొక్క సూత్రం చెప్పేవారు. హారియట్ అన్ని పదాలనూ ఒకే వైపునకు చేర్చి, రెండవ వైపున సున్న మాత్రమే ఉంచారు. ఇప్పుడు 5 రెట్లు తీసివేసి 6 కలిపితే 0. ఇది రెండు కారణాంకాల లబ్ధం: ఆ సంఖ్యలోనుండి 2 తీసివేసినది ఒకటి, 3 తీసివేసినది మరొకటి. లబ్ధం సున్న అయితే ఏదో ఒకటి సున్న కాక తప్పదు. కనుక జవాబు 2 లేదా 3. సమీకరణాలు ఇలా చిన్న కారణాంకాల గుణకారం వల్లనే పుడతాయని ఆయన విపులంగా చూపారు. ఋణ మూలాలను, కల్పిత మూలాలను కూడా తన కాగితాలలో అంగీకరించారు.

కాని అచ్చుకు ఇవ్వలేదు! 1609 జూలైలో, గెలీలియోకన్న కొన్ని నెలల ముందే, దూరదర్శినితో చంద్రుని చూచి గీసిన బొమ్మనూ అచ్చు వేయించలేదు. జీవితకాలంలో వెలువడినది 1588 నాటి అమెరికా వృత్తాంతం ఒక్కటే. 1621 జూలై 2న ముక్కుకు వచ్చిన పుట్టకురుపుతో లండనులో కన్నుమూశారు. పదేళ్ళకు, 1631లో, మిత్రులు బీజగణిత గ్రంథం ప్రచురించారు. మనం వాడే ‘ఎక్కువ’, ‘తక్కువ’ గుర్తులు తొలిసారి అచ్చయినది అందులోనే. అయితే ఋణ మూలాలను వారు వదిలివేశారు. 1637లో ఫ్రెంచి పండితుడు డెకార్టు గ్రంథం వచ్చి, కీర్తి అటు పోయింది. డెకార్టు కాపీ కొట్టారని 1685లో వాలిస్ నిందించారు గాని, అందుకు సరైన రుజువు లేదు. ఆ నింద మాకు న్యాయంగా తోచదు.

హారియట్ వ్రాతలు 1784లో పెట్‌వర్త్ భవనంలో బయటపడ్డాయి. నాలుగు వేలకు మించిన కాగితాలు!