ఐసీఎస్‌లకు రాజ్యాంగ హామీ ఎందుకన్న మన తిరుచానూరు లాయర్.. అనంతశయనం అయ్యంగార్ ప్రస్థానం

సత్యవేడు: పెద్ద అధికారి తప్పు చేస్తే బాధ్యత ఎవరిది? ఆయనదా, ఆయన పైనున్న మంత్రిదా? ఈ ప్రశ్నతో ఏళ్ల తరబడి తలపడిన నేత మన ప్రాంతం వారే. ఆయనే లోక్‌సభ రెండో స్పీకర్ మాడభూషి అనంతశయనం అయ్యంగార్.

1891 ఫిబ్రవరి 4న తిరుచానూరులో పుట్టారు. తిరుపతిలో, మద్రాసులో చదివారు. మొదట లెక్కల మాస్టారు, తర్వాత చిత్తూరులో లాయర్. 1934లో కేంద్ర శాసనసభకు ఎన్నికయ్యారు. స్వాతంత్ర్య పోరాటంలో జైలుకెళ్లారు.

అసలు కథ 1949 అక్టోబర్ 10న నడిచింది. బ్రిటిష్ హయాంలో నియమితులైన ఐసీఎస్ అధికారుల జీతం, సెలవు, పెన్షన్, క్రమశిక్షణ హక్కులు పాత పద్ధతిలోనే ఉంటాయని రాజ్యాంగంలోనే హామీ ఇచ్చే నిబంధన ఆ రోజు రాజ్యాంగ సభ ముందుకొచ్చింది. అయ్యంగార్ గట్టిగా అడ్డు తగిలారు. జనానికి తిండికీ బట్టకీ గ్యారంటీ లేని దేశంలో, నిన్నటిదాకా తెల్లదొరల కింద పనిచేసిన వారికి ఇంత గ్యారంటీ ఏంటని నిలదీశారు. సర్దార్ పటేల్ అంతే ఘాటుగా బదులిచ్చారు. మనసులో మాట నిర్భయంగా చెప్పే అధికారులు లేకపోతే దేశం నిలవదన్నది ఆయన వాదన. చివరికి పటేల్ మాటే నెగ్గింది. అదే 314వ అధికరణం.

సభలో ఓడినా అయ్యంగార్ ఊరుకోలేదు. 1950లో ఏర్పడిన అంచనాల కమిటీకి తొలి ఛైర్మన్ ఆయనే. శాఖలు డబ్బు ఎలా ఖర్చు పెడుతున్నాయో చూడటం ఈ కమిటీ పని. ఇక్కడికి మంత్రులను పిలవరు. కార్యదర్శులే వచ్చి ఎంపీల ముందు కూర్చుని లెక్క చెప్పాలి.

1956 మార్చిలో స్పీకర్ అయ్యారు. మరుసటి ఏడాదే ముంద్రా కుంభకోణం బయటపడింది. హరిదాస్ ముంద్రా కంపెనీల్లో ఎల్ఐసీ రూ.1.24 కోట్ల షేర్లు కొనడాన్ని ఫిరోజ్ గాంధీ సభలో నిలదీశారు. ఛాగ్లా కమిషన్ విచారణలో ఆర్థిక మంత్రి టి.టి.కృష్ణమాచారి, తన కార్యదర్శి హెచ్.ఎం.పటేల్ చేసిన పనికి తాను బాధ్యుడిని కాదన్నారు. కమిషన్ ఒప్పుకోలేదు. కార్యదర్శి చర్యకు మంత్రే జవాబుదారీ అని తేల్చింది. 1958 ఫిబ్రవరిలో మంత్రి రాజీనామా చేశారు. ఐసీఎస్ అధికారి అయిన పటేల్ కూడా సర్వీసు నుంచి తప్పుకున్నారు.

సత్యవేడుకూ ఆయన కాలంతో లింకుంది. అప్పటిదాకా చెంగల్పట్టు జిల్లాలో ఉన్న ఈ ప్రాంతాన్ని ఆంధ్రప్రదేశ్‌లో కలిపిన సరిహద్దుల చట్టం 1959లో, ఆయన స్పీకర్‌గా ఉండగానే వచ్చింది. 1960 ఏప్రిల్ 1న సత్యవేడు చిత్తూరు జిల్లాలో చేరింది.

1962 నుంచి ఐదేళ్లు బిహార్ గవర్నర్‌గా చేశారు. ఆయన వ్యతిరేకించిన 314వ అధికరణాన్ని 1972లో 28వ సవరణతో పార్లమెంటే ఎత్తేసింది. అప్పటికి ఆయనకు 81 ఏళ్లు.

1978 మార్చి 19న అయ్యంగార్ కన్నుమూశారు. ఆ రోజు కేంద్ర ఆర్థిక మంత్రి ఎవరో తెలుసా? ముంద్రా వ్యవహారంలో సర్వీసు వదులుకున్న అదే హెచ్.ఎం.పటేల్. ఈసారి కార్యదర్శుల పనికి సభలో జవాబు చెప్పాల్సిన వంతు ఆయనది.