పక్క ఊరి బడిని చూపి బడులను బాగుచేసిన హోరేస్ మాన్

చేతిలో అధికారం లేదు, ఖజానా లేదు. ఒక ఊరి బడిలో జరిగే మంచిని మరో ఊరికి తెలియజేయడమే ఉద్యోగం. ఆ పనితోనే అమెరికాలో ఒక రాష్ట్రంలోని బడుల తీరు మార్చిన వ్యక్తి హోరేస్ మాన్.

ఆయన 1796 మే 4న మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఫ్రాంక్లిన్ గ్రామంలో బీద రైతు కుటుంబంలో జన్మించారు. పదమూడో ఏట తండ్రి పోయారు. టోపీలకు పనికివచ్చే గడ్డి జడలు అల్లడం ఇంటిల్లిపాదికీ పని. ఏడాదికి పట్టుమని పది వారాలైనా బడికి వెళ్లే వీలుండేది కాదు. ఊరి గ్రంథాలయంలోని పుస్తకాలే ఆయనకు దిక్కయ్యాయి. పట్టుదలతో కాలేజీలో చేరి 1819లో పట్టా పుచ్చుకున్నారు. తర్వాత ప్లీడరయ్యారు. శాసనసభకు ఎన్నికై, రాష్ట్ర సెనేట్ అధ్యక్షులయ్యారు.

ఆ రాష్ట్రంలో సుమారు 300 ఊళ్లుండేవి. ప్రతి ఊరికీ ఎన్నికైన బడి కమిటీ ఒకటి. టీచర్లను పరీక్షించడం, బడిని తనిఖీ చేయడం చట్టప్రకారం ఆ కమిటీ బాధ్యత. చాలా చోట్ల అది కాగితం మీదే ఉండేది. పక్క ఊరి బడి ఎలా నడుస్తున్నదో ఈ ఊరి కమిటీకి తెలిసేది కాదు.

1837లో రాష్ట్ర విద్యాబోర్డు ఏర్పడింది. మాన్ ప్లీడరీ వదులుకుని ఏటా 1,500 డాలర్ల జీతానికి దాని కార్యదర్శి అయ్యారు. కమిటీలకు ఉత్తర్వులిచ్చే హక్కు బోర్డుకు లేదు. వివరాలు సేకరించి అందరికీ తెలపడం వరకే దాని పని.

ఆయన గుర్రమెక్కి ఊరూరా తిరిగారు. ప్రతి జిల్లాలోనూ కమిటీల వారిని, టీచర్లను, పెద్దలను సమావేశపరిచారు. గాలి, వెలుతురు, చలికాలపు వెచ్చదనం, ఆనుకోవడానికి వీలున్న బెంచీలు బడికి ఎంత అవసరమో 1838లో నివేదిక రాశారు. ఆ ఏడాదే ఒక విద్యాపత్రిక ప్రారంభించారు. కమిటీలు పంపిన నివేదికలను ఏటా అచ్చువేయించి ఊళ్లకు పంచారు. తలకు ఇంత చొప్పున పిల్లల చదువుకు ఏ ఊరు ఎంత ఖర్చు పెడుతున్నదో వరుసగా పట్టిక వేశారు. అడుగున పేరున్న ఊరి పెద్దలకు అది సిగ్గుగా ఉండేది.

1839లో లెక్సింగ్టన్‌లో టీచర్ల శిక్షణ పాఠశాల తెరిస్తే మొదటి రోజు వచ్చినవారు ముగ్గురే. మరోసారి పిట్స్‌ఫీల్డ్‌లో టీచర్ల సమావేశం వేళకు గది ఊడ్చి లేకపోతే, గవర్నర్ బ్రిగ్స్, మాన్ ఇద్దరూ చీపుళ్లు పట్టి ఊడ్చారు.

వ్యతిరేకత తక్కువేమీ కాదు. ఊళ్ల పెత్తనం రాష్ట్రం లాగేసుకుంటుందని కొందరు భయపడ్డారు. 1840లో బోర్డునే రద్దు చేయాలన్న ప్రతిపాదన శాసనసభకు వచ్చింది. 182 మంది రద్దును కోరారు. 245 మంది కాదనడంతో బోర్డు బతికింది. బెత్తం దెబ్బలను మాన్ తప్పుపట్టినందుకు బోస్టన్ టీచర్లు 31 మంది 1844లో ఆయన మీద ఏకంగా పుస్తకమే అచ్చువేశారు. ఆయన వెనుకంజ వేయలేదు.

1848లో ఆయన పదవి విడిచేనాటికి బడులపై ఖర్చు రెట్టింపు దాటింది. సుమారు 50 కొత్త హైస్కూళ్లు వెలిశాయి. తర్వాత అమెరికా పార్లమెంటు సభ్యునిగా, ఆపై ఒహాయో రాష్ట్రంలో కాలేజీ అధ్యక్షునిగా పనిచేసి 1859 ఆగస్టు 2న కన్నుమూశారు.

పై నుంచి ఉత్తర్వు వచ్చేదాకా ఆగనక్కరలేదు, పక్క ఊరి మంచి బడిని చూసి నేర్చుకున్నా మన బడి బాగుపడుతుందని ఆయన జీవితం తెలుపుతున్నది.