అప్పగింపబడిన పదవి: బూర్గుల రామకృష్ణారావుగారు

ఎన్నికల దినములు వచ్చినప్పుడెల్ల మా షాద్‌నగర్ సంఘ యువకులు మమ్మును అడుగు ప్రశ్న ఒకటి కలదు: విశ్వాసి పదవి కోరవచ్చునా? అప్పుడు మేము మన పొరుగు గ్రామమైన బూర్గుల పేరునే ఇంటిపేరుగా ధరించిన రామకృష్ణారావుగారిని జ్ఞాపకము చేయుదుము. వారు మన మతస్థులు కారు. అయినను పదవి యననేమో వారి జీవితము నుండి నేర్చుకొనవచ్చును.

వారు 1899 మార్చి 13న పడకల్ గ్రామములో జన్మించిరి. పూనా ఫెర్గూసన్ కళాశాలలో చదివి, న్యాయశాస్త్ర పట్టా పొంది, హైదరాబాదులో వకీలుగా పేరు గడించిరి. 1921లో ఆ నగరమందొక సభలో తెలుగున మాట్లాడబోయిన వక్తను సభికులు గేలిచేసిరి. ఆ అవమానము నుండి పుట్టిన ఆంధ్రజనసంఘ స్థాపకులలో వీరొకరు. 1931లో దేవరకొండ ఆంధ్రమహాసభకు అధ్యక్షత వహించిరి. 1942లో చెరసాలకు వెళ్లిరి. ఈ ఇరువది యేండ్ల సేవలో వారికి ప్రభుత్వ పదవి ఏదియు లేదని గమనింపవలెను.

1950లో వారు రెవెన్యూ మంత్రి అయిరి. ఆ సంవత్సరపు కౌలుదారీ చట్టము, దొర పొమ్మన్నంతనే పొలము విడువవలసిన కౌలు రైతుకు రక్షణ కల్పించెను. 1952లో షాద్‌నగర్ ఓటర్లు వారిని శాసనసభకు పంపిరి. మార్చి 6న హైదరాబాదు రాష్ట్రమునకు ముఖ్యమంత్రి అయిరి. ఆ సెప్టెంబరులోనే ముల్కీ ఉద్యమములో పోలీసు కాల్పులు జరిగి ప్రాణములు పోయెను. ఈ సంగతిని మేము దాచము. పదవి మోయువాడు దాని భారమును కూడ మోయవలెను.

1956లో రాష్ట్రముల పునర్విభజన వచ్చెను. ప్రత్యేక తెలంగాణమునే ఎక్కువమంది కోరుచున్నారని వారు పార్టీ పెద్దలకు తెలియజేసిరి. అయినను విలీన నిర్ణయము జరిగినప్పుడు దానిని అంగీకరించి, తమ పీఠమును విడిచిరి. తరువాత కేరళకును, ఉత్తరప్రదేశ్‌కును గవర్నరుగా పనిచేసిరి. 1959లో కేరళ మంత్రివర్గమును తొలగించుటకు వారి నివేదిక ఆధారమగుటను గూర్చి నేటికిని భిన్నాభిప్రాయములు కలవు. 1967 సెప్టెంబరు 14న వారు కన్నుమూసిరి.

గృహనిర్వాహకుని చేతిలోని తాళపుచెవులు యజమానునివి. అడిగిననాడు లెక్క అప్పగించి, తాళపుచెవులు తిరిగి ఇచ్చువాడే నమ్మకమైనవాడు. శాసనసభ సభ్యునికైనను, మన సంఘ కోశాధికారికైనను, కాపరులమైన మాకైనను ఇదియే కొలబద్ద. కాబట్టి మా యువకులకు మేమిచ్చు జవాబు ఇది: పదవికి నిలువుడి, అయితే దానిని విడువవలసిన దినమునకు ముందుగానే సిద్ధపడి నిలువుడి.