బన్యన్‌ను వేధించిన ఆలోచన

‘యాత్రికుని ప్రయాణం’ గ్రంథం తెలియని క్రైస్తవ కుటుంబాలు అరుదు. దాని రచయిత జాన్ బన్యన్ 1628లో ఇంగ్లండ్‌లోని ఎల్‌స్టో గ్రామంలో పుట్టాడు. చిల్లుపడిన గిన్నెలకు మాట్లు వేయడం ఆయన వృత్తి. సువార్త ప్రకటించినందుకు 1660 నుంచి పన్నెండేళ్లు జైల్లో ఉన్న ఈ ధీరుడు, అంతకు ముందే తన మనసులో మరింత కఠినమైన చెర అనుభవించాడు.

చర్చి గంట మోగించడం ఆయనకు ఇష్టం. అది తప్పనిపించి మానేశాడు. చూద్దామని వెళ్తే గంట మీద పడుతుందేమోనని భయం. దూలం కింద నిలబడితే, గంట గోడకు తగిలి తనపైకి వస్తుందేమోనని భయం. గుమ్మంలోకి జరిగితే గోపురమే కూలుతుందేమోనని భయం. చివరికి అక్కడినుంచి పారిపోయాడు.

తరువాత క్రీస్తును అమ్మేయమనే ఆలోచన దాదాపు ఏడాదిపాటు ఆయనను వెంటాడింది. అమ్మనంటూ గంటల తరబడి జవాబిచ్చేవాడు, మోచేతులతో దాన్ని నెట్టేసేవాడు. ఒక ఉదయం అలసిపోయి, పోతే పోనీ అన్న తలంపు రాగానే తాను ఏశావునైపోయానని కుమిలిపోయాడు. ఒక పెద్దవయసు విశ్వాసితో చెప్పుకుంటే, క్షమాపణ లేని పాపమే చేశావని నాకూ అనిపిస్తోందన్నాడాయన. గాయం మీద కారం చల్లినట్టయింది.

గిఫర్డ్ అనే కాపరి బోధ, గలతీ పత్రికకు లూథర్ రాసిన వ్యాఖ్యానం బన్యన్‌ను ఆదరించాయి. తన నీతి తన మనఃస్థితిలో లేదని, పరలోకంలో ఉన్న క్రీస్తేనని ఒకరోజు పొలంలో నడుస్తూ గ్రహించాడు. 1688లో మరణించేదాకా ఎందరో నలిగిన హృదయాలను ఓదార్చాడు.

బన్యన్ ఆత్మకథలో ఓసీడీ అనే మానసిక వ్యాధి లక్షణాలు కనిపిస్తాయని నేడు పలువురు నిపుణులంటారు. వద్దన్న ఆలోచనే పదే పదే వస్తుంది. దాన్ని పోగొట్టుకోవాలని మళ్లీ కడగడం, మళ్లీ ప్రార్థించడం, మళ్లీ ఒప్పుకోవడం! ఉపశమనం క్షణకాలమే, వ్యాధి మాత్రం బలపడుతుంది. ఆయన కాలంలో దీనికి వైద్యం లేదు. ఇప్పుడుంది. భయాన్ని కొద్దికొద్దిగా ఎదుర్కొంటూ ఆ పనులు మానుకోవడం నేర్పే చికిత్స ఉంది, కొన్ని వారాలకు గుణమిచ్చే మందులున్నాయి.

అయినా మన కనిగిరి వంటి ఊళ్లలో ఎందుకు వెళ్లరు? ఆ ఆలోచన నోటితో చెప్పడానికే సిగ్గు. పిచ్చి అంటారని, పిల్లకు సంబంధాలు రావని భయం. దయ్యమని, అవిశ్వాసమని సంఘమే తీర్పు తీరిస్తే ఇక నోరు విప్పేదెవరు? బన్యన్ చెప్పుకున్న ఆ పెద్దాయనలా మనముండకూడదు. దేవుణ్ని దూషించాలని కోరుకునేవాడు ఆ తలంపుకు ఏడవడు.

జ్వరమొస్తే ప్రార్థించి డాక్టరు దగ్గరికి వెళ్తాం. మనసుకూ అంతే. పౌలు ప్రియ సహచరుడు లూకా వైద్యుడే కదా! మానసిక వైద్యుని సంప్రదించండి. ఒంగోలు దాకా వెళ్లలేనివారు ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. వైద్యం వెదకడం విశ్వాసాన్ని విడవడం కాదు, దేవుడిచ్చిన చేయి పట్టుకోవడమే!