తప్పులను గ్రంథస్థము చేసిన శస్త్రవైద్యుడు

మన ప్రాచీన వైద్యమున శస్త్రచికిత్సకు శల్యతంత్రమని పేరు. శల్యమనగా దేహమున నాటుకొని బాధించు ములికి. ఆ పేరును బట్టియే ఈ విద్యకును యుద్ధభూమికిని గల సంబంధము తెలియుచున్నది. బాణములు పోయి తుపాకులు వచ్చినను ఆ సంబంధము తెగలేదు. గాయపడినవానిని ఎట్లు మోసికొని రావలెను, ఎవనికి ముందు చికిత్స చేయవలెను, విఱిగిన కాలిని కోసివేయవలెనా నిలుపవలెనా అను ప్రశ్నలకు పాశ్చాత్య వైద్యులు యుద్ధశిబిరములలోనే సమాధానములు వెదకిరి. అట్లు వెదకినవారిలో అగ్రగణ్యుడు రష్యా దేశీయుడైన నికొలాయ్ ఇవానొవిచ్ పిరోగోవ్.

ఆయన కనుగొన్న విషయములను వైద్యులు తమ గ్రంథములలో చదువుకొందురు. ఉపాధ్యాయులును విద్యార్థులును తెలిసికొనదగిన సంగతి వేఱొకటి కలదు. ఇరువదియాఱేండ్ల వయస్సున ఆచార్యపీఠము నెక్కిన ఈ యువకుడు, తన చేతిలో జరిగిన పొరపాట్లను తానే అచ్చువేయించి లోకమునకు చూపెను. ఆయన జీవితమునందలి తక్కిన కార్యములన్నియు ఈ ఒక్క గుణమునుండియే శాఖోపశాఖలుగా పెరిగినవని చెప్పవచ్చును.

పిరోగోవ్ 1810వ సంవత్సరము నవంబరులో మాస్కో నగరమున జన్మించెను. తండ్రి సైనిక కోశాగారమున చిన్న ఉద్యోగి. 14 మంది సంతానములో నికొలాయ్ 13వ వాడు. వారిలో పలువురు పసితనముననే మరణించిరి. ఒకప్పుడు ఆతని అన్నకు కీళ్ళజబ్బు చేసెను. ఎందఱు వైద్యులు చూచినను తగ్గలేదు. తుదకు మూహిన్ అను ఆచార్యుడు వచ్చి నయము చేసెను. ఆ వైద్యుడు బండి దిగి లోపలికి వచ్చు ఠీవి, నాడిని పట్టు తీరు బాలుని మనస్సున ముద్రపడెను. నాటినుండి ఇంటివారిని పడుకొనబెట్టి నాడి చూచుటయే ఆతని ఆట.

ఆట త్వరలోనే అవసరమయ్యెను. తండ్రి క్రింది ఉద్యోగి యొకడు ప్రభుత్వ ధనముతో పరారి కాగా, ఆ నష్టము కుటుంబముపై బడి ఆస్తి యంతయు పోయెను. మూహిన్ సలహాపై 14వ యేటనే బాలుని విశ్వవిద్యాలయమున చేర్పించిరి. అందులకు కావలసిన వయస్సు 16. కాగితములపై రెండేండ్లు పెంచి వ్రాయించిరి. మఱుసటి సంవత్సరమే తండ్రి మరణించెను. ఆనాటి మాస్కోలో వైద్యవిద్య చాలవఱకు పుస్తకములలోనిది. సజీవ రోగికి ఒక్క శస్త్రచికిత్సయైనను చేయకయే పిరోగోవ్ 1828లో వైద్యపట్టమును పొందెను.

ఆ లోటును తీర్చినది డోర్పాట్ విశ్వవిద్యాలయము. నేటి ఎస్టోనియాలోని టార్టు నగరమే నాటి డోర్పాట్. రష్యా ప్రభుత్వము భావి ఆచార్యులను తయారుచేయుటకు ప్రతిభావంతులైన యువకులను అచ్చటికి పంపెను. పిరోగోవ్ అక్కడ మోయెర్ అను ఆచార్యుని శిష్యుడయ్యెను. ఆంగ్లేయ శస్త్రవైద్యుడు ఆస్ట్లే కూపర్ 1817లో ఒక రోగికి ఉదరమునందలి బృహద్ధమనిని ముడివేయగా ఆ రోగి మరణించెను. ఆ చికిత్స నిరపాయకరమగునా అని పిరోగోవ్ ప్రశ్నించుకొని జంతువులపై ప్రయోగములు చేసెను. ధమనిని ఒక్కసారిగా బిగించినచో ప్రాణాపాయ మధికమనియు, క్రమక్రమముగా బిగించినచో అపాయము తగ్గుననియు తేల్చెను. ఈ విషయముపై 1832లో సిద్ధాంతవ్యాసము సమర్పించెను. తరువాత జర్మనీలో రెండేండ్లు గడపెను. అచ్చట పేరుమోసిన శస్త్రవైద్యులలో సైతము కొందఱు శరీరనిర్మాణ జ్ఞానము నలక్ష్యము చేయుట ఆయనకు ఆశ్చర్యము కలిగించెను.

తిరిగి వచ్చుచు దారిలో రీగా నగరమున జబ్బుపడెను. ఇంతలో ఆయన ఆశించిన మాస్కో ఆచార్యపదవి సహాధ్యాయియైన ఇనోజెంత్సెవ్‌కు దక్కెను. అందువలన 1836లో డోర్పాట్ నందే, తన గురువు వదలిన పీఠమున, ఆచార్యుడయ్యెను.

ఇచ్చటనే ఆయన అపూర్వమైన పని తలపెట్టెను. డోర్పాట్ శస్త్రచికిత్సాలయపు వార్షిక వృత్తాంతములను 1837-39 సంవత్సరముల నడుమ జర్మను భాషలో ప్రకటించెను. వైద్యశాలల వృత్తాంతములు సామాన్యముగా విజయగాథలు. నయమైనవారి సంఖ్య పెద్ద అక్షరములలో నుండును. మరణించినవారి నెపము రోగముపైననో విధిపైననో పడును. పిరోగోవ్ అట్లు వ్రాయలేదు. ఎచ్చట రోగమును సరిగా గుర్తింపలేకపోయెనో, ఎచ్చట తొందరపడి కత్తి పట్టెనో, ఎచ్చట తన చికిత్సయే రోగికి కీడు చేసెనో విప్పి చెప్పెను. బోధకుడైన వైద్యుడు తన పొరపాట్లను వెంటనే బయలుపఱచి, అనుభవము తక్కువగలవారిని వానినుండి కాపాడుట తన ధర్మమని ఆయన విశ్వాసము.

ఇందలి సాహసము నించుక యోచింపుడు. ఆయన వయస్సు చిన్నది, పదవి క్రొత్తది. చుట్టునున్న పెద్దలు పరభాషీయులు. వైద్యునికి పేరే జీవనాధారము. అట్టి స్థితిలో తన లోపములను తానే చాటుకొనుట వినయమను మాటతో తీరునది కాదు. అందు శాస్త్రదృష్టి కలదు. రోగి మరణించిన కారణమును దాచినచో, అదే కారణముచేత మఱియొక రోగి మఱియొక ఊరిలో మరణించును. వ్రాసి యుంచిన తప్పు వేయిమంది విద్యార్థులకు పాఠమగును. గురువు తన నిర్ణయమునకు ఎట్లు వచ్చెనో, ఎచ్చట దారి తప్పెనో చూచిన శిష్యునికే స్వతంత్రముగా ఆలోచించుట అలవడును.

1841లో పిరోగోవ్ సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరమునందలి వైద్య శస్త్రవైద్య అకాడమీలో ఆచార్యుడయ్యెను. అచ్చటి సైనిక వైద్యశాల పరిస్థితి భయంకరము. ఒక రోగి పుండును తుడిచిన గుడ్డతోనే మఱియొకని పుండును తుడుచుచుండిరి. మందులును ఆహారమును దొంగల పాలగుచుండెను. శస్త్రచికిత్స చక్కగా జరిగిన రోగులు సైతము చీముపట్టి చనిపోవుచుండిరి. క్రిముల సిద్ధాంతము నాటికి ఇంకను స్థిరపడలేదు. లిస్టర్ తన క్రిమినాశక పద్ధతిని ప్రకటించినది 1867లో. అయినను ఈ కీడు రోగినుండి రోగికి ప్రాకుచున్నదని పిరోగోవ్ గ్రహించి, చీముపట్టినవారిని వేఱుగదులలో నుంచెను. మరణించిన ప్రతివాని మరణకారణమును శవపరీక్షలో వెదకెను. 1848 నాటి కలరా ఉపద్రవమునందు సుమారు 800 శవపరీక్షలు చేసి, ఆ వ్యాధి దేహమున చేయు మార్పులను గ్రంథముగా వ్రాసెను. గడ్డకట్టించిన శవములను పలుచని పలకలుగా ఱంపముతో కోసి, లోని అవయవముల స్థానములను ఉన్నవి యున్నట్లుగా చిత్రింపించెను. 1852-59 నడుమ వెలువడిన ఆ చిత్రసంపుటము శస్త్రవైద్యునికి దేహమను దేశపు పటము వంటిది.

1846లో అమెరికాలోని బోస్టను నగరమున ఈథరు మత్తుతో శస్త్రచికిత్స జరిగినది. ఆ వార్త వినిన పిరోగోవ్ మొదట జంతువులపైనను, పిదప తనపైనను దానిని పరీక్షించుకొనెను. 1847 వేసవిలో కాకసస్ పర్వతములలో సాల్తా గ్రామపు ముట్టడికి పోయి, గాయపడిన సైనికులకు ఈథరు నిచ్చి శస్త్రచికిత్సలు చేసెను. యుద్ధరంగమున ఈథరును ఇంత విరివిగా వాడుట అదియే మొదలు. అక్కడ బల్లలు లేవు. రాళ్ళపై గడ్డి పఱచి రోగులను పరుండబెట్టిరి. ఆయన మోకాళ్ళపై నిలిచి పనిచేసెను. మత్తుమందనిన సైనికులకు భయము. ఆ భయమును ఉపన్యాసముతో పోగొట్టుట అసాధ్యమని యెఱిగి, తక్కిన క్షతగాత్రులు చూచుచుండగనే చికిత్స చేసెను. తోడివాడు కేక పెట్టకయే లేచి కూర్చుండుట చూచి వారు ధైర్యము తెచ్చుకొనిరి.

క్రిమియా యుద్ధము ఆయనకు మహాపరీక్ష. 1854 నవంబరులో సెవాస్తపోల్ చేరునప్పటికి వేలకొలది క్షతగాత్రులు బురదలోను, ఇఱుకు గదులలోను కుప్పలుగా పడియుండిరి. వైద్యులు ఎదుటికి వచ్చినవానికెల్ల చికిత్స మొదలిడి, అలసి, ఎవనికిని మేలు చేయలేకుండిరి. పిరోగోవ్ ముందుగా కత్తి పట్టలేదు. వచ్చినవారిని వేఱుపఱచుటకు ఆరంభించెను. బ్రతుకు ఆశ లేనివారిని పరిచారికలకును మతగురువులకును అప్పగించి బాధ తగ్గించుట; తక్షణమే శస్త్రచికిత్స వలసినవారిని బల్లపైకి చేర్చుట; మఱునాటివఱకు ఆగగలవారిని వేఱుగా నుంచుట; స్వల్ప గాయములవారిని కట్టుకట్టి పంపివేయుట. ఇదియే ఆ విభజన. నెపోలియను సైన్యమునందలి శస్త్రవైద్యుడు లారే ఇంతకు పూర్వమే గాయముల తీవ్రతను బట్టి వరుస నిర్ణయించియుండెను. దానిని వేలమంది విషయమున క్రమబద్ధమైన ఏర్పాటుగా నడపిన ఖ్యాతి పిరోగోవ్‌ది. నేడు రైలు ప్రమాదమైనను భూకంపమైనను వైద్యులు మొదట చేయునది ఇట్టి విభజనయే.

అక్కడనే ఆయన ప్లాస్టరు కట్టును విరివిగా వాడెను. ఒక శిల్పి ప్లాస్టరుతో పనిచేయుచుండగా చూచి ఈ ఆలోచన పొందెనందురు. డచ్చి వైద్యుడు మాతైసెన్ కూడ ఇంచుమించు ఆ కాలముననే ఇట్టి కట్టును కనిపెట్టెను. తొలుత పిరోగోవ్ సైతము తుపాకి దెబ్బకు ఎముక విఱిగినచో కాలు త్వరగా తీసివేయుటయే మేలని తలచినవాడు. అనుభవము వేఱుగా చెప్పగా అభిప్రాయమును మార్చుకొనెను. కదలకుండ కట్టుకట్టి నిలిపిన అవయవములు ఎన్నియో దక్కినవి. డోర్పాట్ వృత్తాంతములు వ్రాసిన చేయి ఇచ్చటను తన మునుపటి మతమును తానే కొట్టివేసినది.

రాకుమారి యెలేనా పావ్లొవ్నా స్థాపించిన పరిచారికల సంఘము ఆయన నాయకత్వమున పనిచేసెను. కట్టుకట్టువారు, మందులు చూచువారు, ఆహారాది సామగ్రిని కాపాడువారు అని వారిని విభజించెను. మూడవ తెగవారి పని మిక్కిలి కష్టమైనది. వారు పోరాడవలసినది దొంగలైన అధికారులతో. యుద్ధభూమిలో మందులకంటె, శస్త్రకౌశలముకంటె చక్కని నిర్వహణమే ఎక్కువ ప్రాణములు కాపాడునని పిరోగోవ్ నిశ్చయించుకొనెను. యుద్ధమును గాయముల మహమ్మారిగా ఆయన భావించెను. 1860ల మధ్యకాలమున జర్మను, రష్యను భాషలలో వెలువడిన ఆయన సైనిక శస్త్రవైద్య గ్రంథమునకు ఈ భావమే పునాది.

మనుష్యుల అవినీతి గుండ్లకంటె ఎక్కువమందిని చంపుట కన్నులార చూచినవాడు విద్యను గూర్చి ఆలోచించుట సహజము. 1856లో ఆయన జీవిత ప్రశ్నలు అను వ్యాసమును ప్రకటించెను. బాలుని ముందుగా మనుష్యునిగా తీర్చవలెననియు, వృత్తినిపుణునిగా తీర్చుట తరువాతి మాటయనియు దాని సారము. అకాడమీని వీడి, ఒడెస్సా మండలమునకును, 1858లో కీవ్ మండలమునకును విద్యాధికారియయ్యెను. చదువురాని పనివారికొఱకు ఆదివారపు పాఠశాలలను ప్రోత్సహించెను. అన్ని మతములవారికిని విద్య అందవలెనని వాదించెను.

అయితే ఇచ్చటనే ఆయన జీవితమున ఒక మచ్చ కలదు. పిల్లలను బెత్తముతో కొట్టరాదని వ్రాసినవాడే, 1859లో కీవ్ మండల పాఠశాలలకు చేసిన నియమములలో కొన్ని తప్పులకు ఆ శిక్షను ఉండనిచ్చెను. ఆ నియమములు ఉపాధ్యాయుల స్వేచ్ఛాదండనను తగ్గించినమాట నిజమే. తోడి సభ్యుల అభిప్రాయమును త్రోసివేయరాదని ఆయన తలచినమాటయు నిజమే. కాని యువ విమర్శకుడు దొబ్రొల్యూబొవ్ తీవ్రముగా ఖండించెను. ఆ ఖండనము న్యాయమైనదే. శస్త్రశాలలో సత్యమునకు ఎదురులేనివాడు కార్యాలయమున రాజీకి లోబడెను. మహాపురుషుని జీవితము చదువునప్పుడు ఈ భాగమును దాటవేయుట ఆయనకే అపచారము. తన తప్పులను దాచనివాని తప్పును మనమేల దాచవలెను?

1861లో ప్రభుత్వము ఆయనను పదవినుండి తొలగించెను. పిదప కొన్నియేండ్లు జర్మనీలో రష్యను యువ విద్వాంసులకు మార్గదర్శియై యుండెను. 1862లో ఇటలీ వీరుడు గరిబాల్డి కాలికి గుండు తగులగా, అది లోపల నున్నదా లేదా అని వైద్యులు తర్కించుచుండిరి. పిరోగోవ్ పోయి పరీక్షించి, గుండు ఎముకలో నున్నదనియు, తొందరపడి వెదకరాదనియు చెప్పెను. కొలది వారములకు గుండు బయటపడెను, కాలు దక్కెను. 1877లో తన 67వ యేట బల్గేరియా రణభూమిలో వైద్యశాలలను తనిఖీ చేయుచు నెలల తరబడి తిరిగెను.

1881 మే నెలలో మాస్కో నగరము ఆయన సేవకు అర్ధశతాబ్ది ఉత్సవము చేసెను. అప్పటికే నోటిలో పుండు పుట్టియుండెను. కొందఱు శిష్యతుల్యులు శస్త్రచికిత్స మేలనిరి. వియన్నాలోని ప్రసిద్ధ వైద్యుడు బిల్‌రోత్ అది అపాయకరము కాదని ఊరడించెను. తుదకు పిరోగోవ్ అది రాచపుండేయని తానే నిర్ధారించి కాగితముపై వ్రాసిపెట్టెను. విన్నిత్సా సమీపమున విష్న్యా గ్రామమునందలి తన యింట, వృద్ధవైద్యుని దినచర్యయను ఆత్మకథను వ్రాయుచు, అది ముగియకుండగనే 1881 డిసెంబరు 5న కన్నుమూసెను. ఆయన దేహమును చెడకుండ భద్రపఱచిరి. నేటి ఉక్రెయిను దేశమునందలి ఆ గ్రామమున అది ఇప్పటికిని ఉన్నది. ఆయన ఇల్లు 1947నుండి ప్రదర్శనశాలగా నున్నది.

కొట్టివేతలు లేని పుస్తకమే మంచి పుస్తకమని మన పాఠశాలలలో ఒక భావము వ్యాపించియున్నది. విద్యార్థి తప్పు లెక్కను చింపివేసి శుద్ధప్రతిని మాత్రమే చూపును. ఉపాధ్యాయుడు సందేహము కలిగినను తెలియనట్లు కనపడుటకు జంకును. ఆ చింపివేసిన కాగితమునందే అసలు పాఠమున్నదని పిరోగోవ్ జీవితము తెలుపుచున్నది. ఆయన దానిని చింపలేదు. జిల్దుకట్టించి శిష్యుల చేతికిచ్చెను.