మన్రో దొర కొలత గొలుసు

సోమందేపల్లె బడిలో చదువుకునే రోజుల్లో ఒకసారి లెక్కల సారు మాచేత ఆటస్థలం కొలిపించారు. రెండు జట్లు కొలిస్తే రెండు లెక్కలొచ్చాయి. మమ్మల్ని తిట్టకుండా మూడో జట్టును పంపించారాయన. ముప్పై ఏళ్ళు ప్రాజెక్టు పనుల్లో ఉన్నాక సర్ థామస్ మన్రో జీవితం చదువుతుంటే ఆ మధ్యాహ్నం గుర్తొచ్చింది.

మన్రో 1761లో గ్లాస్గోలో పుట్టి, 1780లో కంపెనీ సైన్యంలో మామూలు క్యాడెట్‌గా మద్రాసు చేరాడు. బారామహల్లో రీడ్ దొర దగ్గర రెవెన్యూ పని నేర్చుకున్నాడు. 1800లో నిజాం మన సీమను కంపెనీకి ఇచ్చేశాక, దత్తమండలాలకు కలెక్టరుగా వచ్చి ఏడేళ్ళున్నాడు. బళ్ళారి, అనంతపురం, కడప ప్రాంతాలన్నీ ఆయన కిందే. ఏడాదిలో ఎక్కువ రోజులు గుడారాల్లోనే గడిపేవాడు.

ఇంత సీమనూ పొలం పొలంగా కొలవాలి. 1802లో పని మొదలుపెట్టేనాటికి భూమి కొలవడం తెలిసినవాళ్ళు ఆయన కచేరిలోని నలుగురు గుమాస్తాలే. వాళ్ళచేత స్థానికులకు నేర్పించాడు. క్రమంగా కొలిచేవాళ్ళు వందమందయ్యారు. గొలుసు అందరికీ ఒకటే, 33 అడుగులది. నలభై చదరపు గొలుసులైతే ఎకరా. లెక్క ఎంత సులువో చూడండి, కరణం కూడా అక్కడికక్కడే సరిచూసుకోవచ్చు.

జీతాల సంగతి నాకు మరీ నచ్చింది. మొదట అందరికీ నెలజీతమే. చేయి తిరిగాక కొలిచేవాళ్ళకు ఎకరాకు ఇంత అని ఇచ్చాడు. జట్టుపెద్దకు మాత్రం నెలజీతమే ఉంచాడు. పని పెరిగితే అతనికొచ్చే లాభం లేదు, జట్టు కొలిచిన పొలాలను మళ్ళీ కొలిచి చూడడమే అతని పని. నేను ఒకచోట దీనికి సరిగ్గా తలకిందులుగా చేశాను. పనినిబట్టి డబ్బు అన్నాను, ఖర్చు తగ్గుతుందని తనిఖీ మనిషిని తీసేశాను. మూడు నెలల పని మళ్ళీ మొదటినుంచి చేయాల్సొచ్చింది.

1807లో మన్రో వెళ్ళేనాటికి కొలత, శిస్తు నిర్ణయం ముగిశాయి. అయితే శిస్తు ఎక్కువైంది. వాన నమ్మలేని ఈ మెట్టనేలలు దాన్ని మోయలేవు. తాను స్థిరపరిచిన రేటునే నాలుగోవంతు తగ్గించాలని, బావి కింది తోట భూములకు మూడోవంతు తగ్గించాలని వెళ్ళేముందు ఆయనే రాశాడు. కంపెనీకి కావలసింది డబ్బు, వినలేదు. పైగా ఊళ్ళకు ఊళ్ళను గుత్తకిచ్చింది. ఎంతోమంది చితికిపోయారు. కొలత అంత పక్కాగా చేయించినవాడు రేటు దగ్గర ముందే ఎందుకు తగ్గలేదని నాకిప్పటికీ కోపమే.

1820లో ఆయన మద్రాసు గవర్నరయ్యాడు. పదమూడేళ్ళ కిందటి ఆ తగ్గింపును అప్పుడు అమలు చేయించాడు.

పదవి ముగించుకొని సీమకెళ్ళేముందు దత్తమండలాలు ఒక్కసారి చూసి వెళదామని బయలుదేరాడు. 1827 జూలై 6న పత్తికొండలో కలరా సోకి చనిపోయాడు. గుత్తిలో పాతిపెట్టి, తర్వాత మద్రాసు కోటలోని చర్చికి తరలించారు. మన పల్లెల్లో పిల్లలకు మన్రోలప్ప, మన్రోలయ్య అని చాలాకాలం పేర్లు పెట్టుకున్నారు. పాత హాజరు పట్టీల్లో అలాంటి పేరు ఎవరికైనా కనబడితే నాకు చెప్పండి.